పేరు, కూలి, హక్కు: ప్రసార సాధనాల కాలంలో దళిత కళాకారుడు

2023 మార్చిలో 'బలగం' సినిమా వచ్చింది. ఆ ఎండాకాలం మా హనుమకొండ చుట్టుపక్కల ఊళ్లల్లో, థియేటర్ దాకా పోలేని ముసలోళ్ల కోసం ఊరి నడుమ తెర కట్టి అందరికీ ఆ సినిమా చూపించారు. చివర్లో బుడగజంగాల పాట వస్తుంది. చనిపోయిన పెద్దాయన గురించి అయినవాళ్ల ముందర పాడే పాట అది. ఆ పాట దగ్గర జనం కొంగులు, తువ్వాలలు తడుపుకున్నారు. పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వాళ్లది వరంగల్ జిల్లా దుగ్గొండి. ఊరూరా తిరిగి కథ చెప్పి, ఇచ్చింది తీసుకుని బతికే బుడగజంగం కులం వాళ్లది.

సినిమా వచ్చిన కొద్ది రోజులకే మొగిలయ్య కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్నాడన్న వార్త వచ్చింది. కెమెరాలు ఆయన ఇంటికి పోయాయి, ఆసుపత్రి మంచం దాకా పోయాయి. సాయాలూ అందాయి, కాదనం. 2024 డిసెంబర్ 19న ఆయన కన్నుమూశాడు. రాష్ట్రమంతా ఎరిగిన గొంతు. అయినా ఆ గొంతుకు నెలనెలా మందుల ఖర్చు వెళ్లేంత ఆదాయం ఎక్కడి నుంచీ కట్టుదిట్టంగా రాలేదు. పేరు మాత్రం వచ్చింది.

ఇంకో మొగిలయ్య ఉన్నాడు. కిన్నెర మొగిలయ్య. దర్శనం మొగిలయ్య అసలు పేరు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. 2021 సెప్టెంబర్‌లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేండ్లు తిరిగి 2024 మే నెలలో హైదరాబాద్ పక్కన తుర్కయాంజాల్‌లో ఆయన కూలి పని చేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. మళ్లీ కెమెరాలు వచ్చాయి. మళ్లీ సాయాలు, మళ్లీ ఫోటోలు.

కీర్తి మనిషిని చెడగొడుతుందని పెద్దలు చెప్తుంటారు. తల పొగరెక్కుతుందనీ, కిందికి చూడడం మరుస్తాడనీ వాళ్ల భావం. ఈ ఇద్దరి విషయంలో చెడింది వాళ్లు కాదు. పేరు వచ్చాక కూడా ఒకాయన రోగంతో మంచం పట్టాడు, ఇంకొకాయన కూలికి పోయాడు. మరి చెడింది ఎవరు? పేరు ఇచ్చినవాళ్లా, చూసినవాళ్లా, ఆ పేరు చూసి మురిసిన మనమా? ఈ వ్యాసంలో మేం చర్చించదల్చుకున్నది ఇదే.

మిరాశీ లెక్క, మీడియా లెక్క

ముందు పాత వ్యవస్థ సంగతి చెప్పుకోవాలి. డక్కలి మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల పుట్టుక కథను, జాంబవ పురాణాన్ని చెప్పేది వాళ్లు. ఊరు మాదిగను ఊరవతల పెడితే, మాదిగ డక్కలాయనను వాడ అవతల పెట్టాడు. మేం మాదిగ వాడలో పుట్టినోళ్లం. ఈ మాట రాస్తుంటే సిగ్గు కలుగుతుంది గాని దాచే హక్కు మాకు లేదు. బుడగజంగాలకైనా అంతే. కథ విని ఏడ్చిన ఇల్లే, కథ అయిపోయాక వాళ్లను గడప అవతలే ఉంచింది.

ఆ వ్యవస్థలో ఒక లెక్క ఉండేది. ఏ ఊళ్లు ఎవరి మిరాశీ, ఏ ఇంటి నుంచి ఏం రావాలి అన్నది ఇద్దరికీ తెలుసు. ఇవ్వకపోతే వాకిట్ల నిలబడి గట్టిగా అడిగేవాళ్లు. ఆ లెక్క అవమానంతో ముడిపడింది కాబట్టి ఆ వ్యవస్థ పోవాల్సిందే. దాని కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టాల్సిన పని లేదు. అయితే దాని జాగలో వచ్చింది ఏంది?

హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో వచ్చింది. 1995లో ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు చానళ్లు మొదలైనాయి. 2004లో టీవీ9తో రోజంతా వార్తలు వచ్చాయి. 2016లో ఫోన్ డేటా చౌకయ్యాక చేతిలో ఫోనే టీవీ అయ్యింది. ఒక్కో మెట్టు దగ్గర మన పాట ఇంకా ఎక్కువ మందికి చేరింది. అది మంచిదే. కానీ మిరాశీ పోయినచోట కూలి ఒప్పందం రాలేదు, పేరు వచ్చింది. అంటే కొత్త వ్యవస్థ అవమానాన్ని పూర్తిగా పోగొట్టలేదు గాని లెక్కను మాత్రం పోగొట్టింది. పాత కాలంలో "మా కట్నం ఏది" అని అడిగే కళాకారుడు ఇప్పుడు "ఇంత పేరు తెచ్చినం గదా" అన్న మాట విని ఇంటికి రావాలి.

చట్టం లేక కాదు. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా ఉంటుంది. దాన్ని నిర్మాతకు రాసిచ్చేయడానికి వీల్లేదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా వాళ్ల ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు ఉంది. మరి తాతల నాటి నుంచి ఒక కులం నోట్లో బతికిన బాణీకి రచయిత ఎవరు? చట్టం ఒక మనిషి పేరు అడుగుతుంది. కులం మొత్తం కలిసి కాపాడుకున్న పాటకు ఆ గడిలో రాయడానికి పేరు దొరకదు. అందుకే అది "జానపదం" అయిపోతుంది. జానపదం అంటే అందరిదీ అన్నారు. ఆచరణలో, ముందుగా ఎవరి చేతికి దొరికితే వాళ్లది.

ఒక్క ముఖం కింద నూరు చేతుల పని

మీడియా ఇచ్చే పేరు ఎట్ల పనిచేస్తుందో చూద్దాం. కెమెరాకు గుంపు పనికిరాదు, ముఖం కావాలి. డక్కలి వాడలో కిన్నెర చేసేవాళ్లు, నేర్పేవాళ్లు, వంత పాడేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకాయనను పట్టుకుని "చివరి కళాకారుడు" అంటుంది. చివరివాడు అనగానే మిగతావాళ్లు లేనట్టే. వాళ్ల ఇండ్లు, వాళ్ల పిల్లల బడి, వాళ్ల కుల ధ్రువపత్రాలు ఇవన్నీ వార్త కాకుండా పోతాయి. ఆ ఒక్కాయనకు సన్మానం జరిగితే కులానికంతా న్యాయం జరిగినట్టు లెక్క రాసేస్తారు. రేపు ఆయన కష్టంలో పడితే "అన్ని పైసలిస్తే ఏం చేసిండు" అని అడిగేది కూడా ఆ చూసినవాళ్లే. కోట్లు తీసుకునే హీరోను ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మనోళ్లకు ఇచ్చింది కూలి అయితే ఎట్ల ఖర్చు పెట్టుకున్నా అడిగే హక్కు ఎవరికీ ఉండదు. దానం కాబట్టి అడుగుతారు.

ఇట్ల ఒక్క పేరు కింద నూరుమంది పని చేరడం సినిమావాళ్లతోనే మొదలు కాలేదు. మన ఉద్యమ పాటలోనూ ఉంది. 'ఊరు మనదిరా' పాట రాసింది గూడ అంజయ్య. సభల్లో దాన్ని గద్దర్ గొంతులో విన్నవాళ్లు చాలామంది ఆయనే రాశాడనుకుంటారు. 'బండెనక బండి కట్టి' బండి యాదగిరి పాట. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడాక అదీ ఆయన పేరుకే ఎక్కింది. ఇందులో గద్దర్ తప్పు వెతకడం మా ఉద్దేశం కాదు. గుమ్మడి విఠల్‌రావు తన సొంత పేరును వదిలి, దేశం కోసం కొట్లాడిన గదర్ పార్టీ పేరు పెట్టుకున్నాడు. అయినా జనం అభిమానం, తర్వాత మీడియా, ఆ పేరును ఒక్క మనిషికే కట్టేశాయి. పేరుకున్న గుణమే అది. నీళ్లు పల్లానికి పోయినట్టు, పాట ఎక్కువ తెలిసిన ముఖం వైపు పోతుంది.

1990 మే నెలలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభ జరిగింది. లక్షల జనం వచ్చారు. ఆ జనాన్ని తెచ్చింది రేడియో కాదు, టీవీ కాదు. ఊరూరా తిరిగిన పాట, సంఘం. ఆ పాటలు అడిగింది భూమి. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలేదు. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోతే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నంది అవార్డుల జాగలో గద్దర్ పేరుతోనే సినిమా అవార్డులు ఇస్తామని 2024లో ప్రకటించి, 2025 జూన్‌లో హైదరాబాద్‌లో ఇచ్చారు. ఆయన కాదన్న అవార్డుకే ఆయన పేరు పెట్టారు. పేరును గౌరవించారు, సంతోషమే. భూమి సంగతి ఆ వేదిక మీద ఎవరికీ గుర్తు రాలేదు. చనిపోయిన మనిషి పేరు నోరెత్తదు గదా, ఏ వేదిక మీద పెట్టినా కూచుంటుంది.

అంబేద్కర్ ముందే చెప్పిన సంగతి

ఇదంతా టీవీ తెచ్చిన రోగం అనుకుంటే పొరపాటు. 1943 జనవరిలో పూనాలో రనడే జయంతి సభలో అంబేద్కర్ మాట్లాడారు. గాంధీ, జిన్నాల గురించి చెప్తూ ఆయన పత్రికల సంగతి ఎత్తారు. ఒకప్పుడు వృత్తిగా ఉన్న పత్రికారచన వ్యాపారమైపోయిందనీ, ఒక నాయకుడిని గద్దె మీద కూచోబెట్టి పూజ చేయడమే దాని పనిగా మారిందనీ విమర్శించారు. ఆ పూజ వల్ల నాయకుల అహం పెరిగి రాజకీయాలు ఇద్దరి పంతంగా మారాయని ఆయన వాదన. ఆరేండ్ల తర్వాత 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయన ఇంకో హెచ్చరిక చేశారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో గాని, రాజకీయాల్లో భక్తి పతనానికి, నియంతృత్వానికి దారి అన్నారు. 1920లోనే 'మూక్‌నాయక్' పత్రిక పెట్టిన మనిషి ఆయన. పత్రిక బలం తెలిసే ఈ మాట చెప్పారు.

తెలుగు నేల మీద ఈ మాటకు రుజువు ఎక్కువ దూరం వెతకక్కర లేదు. తెర మీద రాముడు, కృష్ణుడు అయిన ఎన్.టి.రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది, పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. అవి పేదలకు మేలు చేసినవే. కానీ 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను భూస్వాములు వెంటాడి చంపారు. అది ముఖ్యమంత్రి వియ్యాలవారి ఊరు. దేవుడి ముఖం చూసి ఓటేసిన జనానికి అప్పుడు తెలిసింది, ముఖం వేరు, అధికారం వేరు అని. చీరాల శిబిరంలో నెలల తరబడి కూచున్న బాధితులు ఎవరి పేరు చూసీ ఆగలేదు. వాళ్లు అడిగింది కేసు, శిక్ష, బతుకుదెరువు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరంలోని పట్టుదల నుంచే.

మనం చెడిన తీరు

ఇంతదాకా బయటివాళ్లను అన్నాం. ఇప్పుడు మా సంగతి.

మా ఇంట్లో బడి దాటి చదివినోళ్లం మేమే మొదలు. యూనివర్సిటీలో రీసెర్చికి సీటొచ్చిన నాడు వాడంతా మురిసింది. కొన్నేండ్ల కింద హనుమకొండకు ఎక్కువ దూరం లేని ఒక ఊళ్లో మనోళ్ల బొందలగడ్డకు పోయే బాటను పక్క పొలం ఆసామి దున్నేశాడు. ఐదుగురం పోయి వివరాలు రాసుకున్నాం. సర్వే నంబర్ తీసుకున్నాం, ముసలోళ్ల సాక్ష్యం తీసుకున్నాం. వినతిపత్రం కూడా రాసి సంచిలో పెట్టుకున్నాం. అంతలో ఒక చానల్ వాళ్లు వచ్చి మమ్మల్ని బొందలగడ్డ దగ్గర నిలబెట్టి మాట్లాడించారు. "ఇంకొంచెం ఆవేశంగ అన్నా" అన్నాడు కెమెరా పట్టుకున్న తమ్ముడు. మేం ఆవేశంగానే మాట్లాడాం.

రాత్రి అది వచ్చింది. ఫోన్లు మోగాయి. హాస్టల్లో పోరగాండ్లు చుట్టూ మూగారు. వారం తిరగకముందే మూడు సభలకు పిలిచారు. ఒక సభలో మా ఫోటోలతో ఫ్లెక్సీ కట్టారు, శాలువాలు కప్పారు. ఎంతమంది చూశారో రోజూ ఫోన్లో లెక్క చూసుకున్నాం. వినతిపత్రం సంచిలోనే ఉంది. నెలన్నర తర్వాత ఆ ఊరికి పోతే బాట మీద పత్తి మొలిచి ఉంది. వాడకట్టు పెద్దాయన మమ్మల్ని కూచోబెట్టి చాయ్ పోయించి అన్నాడు: "మిమ్మల్ని టీవీల సూసినం బిడ్డా, మంచిగ మాట్లాడిండ్రు. మరి కాగితం ఇచ్చిండ్రా?"

మా దగ్గర జవాబు లేదు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. టీవీలో వచ్చిందంటే కాగితం కూడా ఇచ్చే ఉంటారని ఆయన నమ్మకం. ఆ మరునాడు ఇచ్చాం. సర్వే జరిగి బాట తేలేసరికి ఇంకో రెండు పంటలు పోయాయి. మా తల పొగరెక్కలేదు, మేం ఎవరి దగ్గరా పైసలు తినలేదు. అయినా చెడిపోయాం. పని అయిపోయిందన్న భ్రమ మాకు కలిగింది, మమ్మల్ని చూసినవాళ్లకూ కలిగింది. ఈ కాలపు కీర్తి చేసే చెడు ఇదేనని మాకు అప్పుడు అర్థమైంది. అబద్ధం చెప్పించకుండానే అది పనిని ఆపేస్తుంది.

పరిశోధకుల సంగతి ఇంకోటి ఉంది. డక్కలి కథ మీద, బుడగజంగాల కథ మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి, డాక్టరేట్లు వచ్చాయి. కథ చెప్పినాయన పేరు ముందుమాటలో ఒక లైను. రాత్రంతా చెప్పినందుకు ఏం ఇచ్చారని అడిగితే బీడీకట్ట, చాయ్ అంటారు. మన సభలకైనా అంతే. ముందు ఆటపాట మనోళ్లతోనే పెట్టిస్తాం, శాలువా కప్పుతాం, బస్సు కిరాయి దగ్గర నోరు మెదపం. సినిమా నిర్మాతను అడిగే ముందు మన సంఘం ఖర్చుల పుస్తకం తీసి చూసుకోవాలి.

పేరు పోతుంది, లెక్క నిలుస్తుంది

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ముప్పై ఏండ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపులో అందరికన్నా వెనకబడ్డ 15 కులాలకు 1 శాతం, రెండో దాంట్లో 18 కులాలకు 9 శాతం, మూడో దాంట్లో 26 కులాలకు 5 శాతం. డక్కలి, బుడగజంగం రెండూ మొదటి గ్రూపులోనే ఉన్నాయి. అంటే ఇద్దరు మొగిలయ్యల మనవలూ ఆ 1 శాతం కిందికే వస్తారు.

అదే 2025లో మా హనుమకొండకు చెందిన మంద కృష్ణ మాదిగకు పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు ఫ్లెక్సీలు లేని కూడలి లేదు. తప్పు కాదు. ఉద్యమం తెచ్చిన పేరు అది. కానీ పద్మశ్రీని ఒక్కసారి చూసి సంతోషపడితే సరిపోతుంది. 1 శాతాన్ని మాత్రం ప్రతి నోటిఫికేషన్‌లో లెక్క చూడాలి. ఆ గ్రూపులో అర్హులు లేకపోతే ఆ పోస్టు తర్వాతి గ్రూపుకు, అంటే మనకు, వచ్చేస్తుంది. కాబట్టి డక్కలి పిల్ల పదో తరగతి పాసు కాకపోతే లాభపడేది మనమే. ఆశ్రిత కులానికి మనం చేసిన పాత అన్యాయం కొత్త కాగితం మీద కూడా సాగే ప్రమాదం ఉంది. దీన్ని ఏ కెమెరా చూపించదు. ఎవరి ముఖమూ ఇందులో లేదు.

అందుకే మా ప్రతిపాదనలు చిన్నవే. మన సభకు కళాకారులను పిలిస్తే ముందే కూలి మాట్లాడి, అందరికీ చేతికి ఇచ్చి, పుస్తకంలో రాయాలి. పాట రికార్డు చేస్తే పాడినవాళ్లు, వాయించినవాళ్లు, నేర్పిన గురువులు అందరి పేర్లూ వేయాలి. ఒక ప్రతి వాళ్ల వాడలో ఉండాలి. సినిమావాళ్లు వస్తే ఒప్పందం కాగితం చదివి చెప్పడానికి మన వకీళ్లలో ఒకరు పక్కన ఉండాలి. ప్రతి జిల్లాలో డక్కలి, బుడగజంగం పిల్లల్లో ఎవరు బడిలో ఉన్నారు, ఎవరికి కుల ధ్రువపత్రం లేదు అన్న జాబితా విద్యార్థి సంఘాలు చేయాలి. హనుమకొండ, వరంగల్ జిల్లాల పని మేం మొదలుపెట్టాం. జాబితా సగమే అయ్యింది.

పేరు వద్దని మేం అనడం లేదు. వేల ఏండ్లు పేరు లేకుండా బతికిన జాతికి పేరు వస్తే కడుపు నిండుతుంది. కానీ ఎవరికైనా పేరు వచ్చిన రోజున, చప్పట్లు కొట్టినాక, ఆ వాడకట్టు పెద్దాయన ప్రశ్న ఒకరినొకరు అడుగుదాం. కాగితం ఇచ్చినమా?